ముత్తయ్య గీసిన గీతలు

ఉదయం 11:10. ఠాణా వెనక గదిలో ముత్తయ్య రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. బేడీలు లేవు. వేసినా తీసినా ఆయనకు తేడా తెలిసేలా లేదు. సాయంత్రం నాలుగింటికి మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఈలోగా నేను కొత్త సంగతేదీ తేలేకపోతే ఆరుగురి చావుకు కారకుడని జగదల్‌పూర్ జైలుకు పంపేస్తారు. ఆ ఆరుగురిలో ఒకతె ఆయన కూతురు మీనా. పంతొమ్మిదేళ్ల పిల్ల.

కాగితం మీద చూస్తే కేసు చాలా చిన్నది. తర్లగూడకు ఎగువన, తాళ్లవాగు ఒడ్డున గొల్లమడుగు రేవు ఉంది. అక్కడ నీటిమట్టం చూసే మనిషి ముత్తయ్య. రోజుకూలి ఉద్యోగం. వానాకాలమంతా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, గంటకోసారి రేవులో ఉన్న స్తంభం మీద నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి జగదల్‌పూర్‌లోని నీటి కొలతల ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాలి. నాలుగు మీటర్లు దాటితే ఎర్ర జెండా ఎత్తాలి. జెండా ఉంటే పడవ కదలదు.

జులై ఇరవై మూడున జెండా ఎత్తలేదు. అవతలి ఒడ్డున నాట్లు వెయ్యడానికి తొమ్మిది మంది ఆడవాళ్లు పడవెక్కారు. నడివాగులో పడవ తిరగబడింది. ముగ్గురు బతికారు. ముత్తయ్య కాగితాలు పెట్టుకునే రేకుల షెడ్డు కూడా కొట్టుకుపోయింది. మిగిలింది ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించిన లెక్క ఒక్కటే. దాని ప్రకారం ఆ పొద్దున ఏడింటికే నీళ్లు నాలుగు మీటర్లు దాటాయి.

నన్ను క్రైమ్ బ్రాంచి నుంచి పంపింది నా తెలివికి మెచ్చి కాదు. ఈ రాష్ట్రంలో రాతకోతలన్నీ హిందీలోనే కాబట్టి ఫైలంతా హిందీలో ఉంది, ముద్దాయికి హిందీ అంతంతమాత్రం. తెలుగు వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఎవరున్నారని వెతికితే భోపాలపట్నంలో పుట్టిన లలిత దొరికింది. ఆ లలితను నేనే. ప్రమాదం జరిగిన మర్నాడే వచ్చి ఆరు శవాలకూ పంచనామా నేనే రాశాను. ఐదోది రాస్తుండగా పెన్నులో సిరా అయిపోతే ఇంకో పెన్ను తీసుకున్నాను. నాకేమీ అనిపించలేదు. ఆరు రోజులైంది, ఇప్పటికీ ఏమీ అనిపించడం లేదు. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను. ఇది మంచి లక్షణం కాదని మాత్రం తెలుసు.

ముత్తయ్యను వరసగా అడిగాను. ఆ రోజు ఆరింటికి ఎంత? తెలియదు. ఏడింటికి? తెలియదు. పదింటికి? తల అడ్డంగా ఊపాడు. వాన పడిందా అంటే, పడలేదేమో అన్నాడు. పడవ ఎక్కేముందు కూతురితో మాట్లాడారా అంటే గోడవైపు చూశాడు. చూసి చూసి, ఎదురు ప్రశ్న వేశాడు.

"మేడం, ఒప్పుకుంటే అయిపోతదా? సంతకం యాడ పెట్టాలె?"

"ఏం ఒప్పుకుంటవన్నా?" ముత్తయ్యలాంటివాళ్లు ఎదురుగా ఉంటే నా నోటికి మా ఊరి మాటే వస్తుంది.

"కంపూటర్ల ఉన్నదే నిజమైతది గద. నేను సూడకుండనే చెప్పిన్నేమో. చూసి కూడ జెండా ఎత్తలేదేమో. నాకు ఆ పొద్దు యాదికొస్తలేదు. ఏం యాదికొస్తలేదు."

దొంగసాక్ష్యాలు చాలా విన్నాను. మరిచిపోయినట్టు నటించేవాడు ఎక్కడో ఒకచోట నీ మొహం చూసి తన నటన ఎలా ఉందో బేరీజు వేసుకుంటాడు. ముత్తయ్య నా మొహం ఒక్కసారి కూడా చూడలేదు.

బయట వరండాలో ఆయన భార్య సోమమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆరు రోజులుగా మొగుడితో మాట్లాడలేదని కానిస్టేబుల్ చెప్పాడు. మాట్లాడనిది, రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడిచి ఎందుకొస్తున్నట్టు? పక్కన కూర్చుని అదే అడిగాను.  నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"జైలు సంగతి నాకొద్దు మేడం. వాళ్లు తీస్కపోతే తీస్కపోనీ. నా బిడ్డను ఈయన చంపిండా, వాగు చంపిందా? అదొక్కటి చెప్పు. వాగైతే ఈయనకింత గంజి కాసి పోస్త. ఈయనైతే ఇంటికి రానియ్య."

చెప్తానని మాటిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. డ్యూటీలో మాటలివ్వడం మానేసి చాలా ఏళ్లయింది.

11:50కి జగదల్‌పూర్ జీపు వచ్చింది. నీటి కొలతల ఆఫీసు నుంచి సుమన్ దిగాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినవాడు, ఆంధ్రా కుటుంబం. లెక్కల్లో దిట్టని పేరు. వారం రోజులుగా ఈ కేసులో నాకంటే ఎక్కువ పని చేస్తున్నది అతనే. అడక్కుండానే నివేదిక రాశాడు, అడక్కుండానే ఎస్పీకి పంపాడు. ముద్దాయిని మాత్రం చూడలేదు, చూస్తాననీ అనలేదు. ఎస్సై గదిలో ఫ్యాను కింద కూర్చుని కాగితాలు పరిచాడు.

అతని వాదన చక్కగా ఉంది. జూన్ పదిహేను నుంచి జులై ఇరవై దాకా ముప్పై ఆరు రోజులు. రోజుకు పదమూడు కొలతలు. మొత్తం నాలుగు వందల అరవై ఎనిమిది. ప్రతి కొలతా మీటర్లలో, సెంటీమీటర్లలో ఉంటుంది. అన్నిటి చివరి అంకెలూ విడదీసి లెక్కపెట్టాడు. సున్నా రెండు వందల నలభై ఒక్కసార్లు. ఐదు రెండు వందల ఇరవై ఏడుసార్లు. మిగతా ఎనిమిది అంకెలూ ఒక్కసారి కూడా లేవు.

"చివరి అంకె అబద్ధం చెప్పదండీ. నీళ్లకు సున్నా అన్నా ఐదన్నా ప్రత్యేకమైన ప్రేమేం ఉండదు కదా. నిజంగా కొలిస్తే పది అంకెలూ ఇంచుమించు సమానంగా రావాలి. ఇవన్నీ ఇంట్లో మంచం మీద పడుకుని చెప్పిన కాకిలెక్కలు."

"మరి ఇరవై ఒకటి నుంచి?"

అక్కడికే వస్తున్నానన్నట్టు ఇంకో కాగితం జరిపాడు. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు ఉదయం పది దాకా ముప్పై ఒక్క కొలతలు. వీటిలో అన్ని అంకెలూ ఉన్నాయి. ఇరవయ్యో తేదీన భారీ వర్షాల హెచ్చరిక వచ్చిందట, సరిగ్గా కొలిచి చెప్పమని అందరికీ గట్టిగా చెప్పారట. భయపడి ముత్తయ్య మొదటిసారి నిజంగా కొలిచాడు. ఇరవై మూడున ఆరింటికి 3.87. ఏడింటికి 4.13. ఎనిమిదింటికి 4.36. తొమ్మిదింటికి 4.72. పదింటికి 5.04. కళ్లతో చూసి, నోటితో చెప్పి, జెండా మాత్రం ఎత్తలేదు. సుమన్ దృష్టిలో అది బద్ధకం కాదు, హత్యకు తక్కువేమీ కాదు.

ఈ చివరి అంకెల విద్య నాకూ కొత్త కాదు. ఏడేళ్ల క్రితం జ్వరాల సర్వే రిజిస్టర్ల కేసులో నేర్చుకున్నాను. ఇళ్లకు పోకుండా థర్మామీటర్ అంకెలు కల్పించిన మనిషిని, అతనికి ఏడు మీద ఉన్న మోజే పట్టించింది. కాబట్టి సుమన్ చెప్పిన సూత్రం తప్పనను. కానీ సూత్రం తెలిసినవాడు చూసి రావాల్సింది ఇంకొకటుంటుంది.

"ఆ స్తంభం మీరు చూశారా?"

"చూడక్కర్లేదండీ. అన్ని రేవుల్లోనూ ఒకటే పలక. సెంటీమీటరుకో గీత. ఫొటో ఫైల్లో ఉంది, చూడండి."

ఫొటో చూశాను. తెల్ల పలక, నల్ల గీతలు, పక్కన కొత్త సిమెంటు. వెనక తేదీ ఉంది. మూడేళ్ల కిందటిది. పరధ్యానంగా అడిగినట్టు ఇంకో ప్రశ్న అడిగాను. ఎగువన పదకొండు కిలోమీటర్లలో ఉన్న చిన్న ఆనకట్ట గేట్లు ఆ రోజు ఎప్పుడెత్తారు? పదకొండున్నరకు, ప్రమాదం జరిగిన తర్వాత, అన్నాడు సుమన్. జవాబు నా ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది.

"లలితగారూ, మీరు సెంటిమెంటుకు పోతున్నారు. కూతురు పోయిందని జాలి పడితే మిగతా ఐదుగురికి ఎవరు సమాధానం చెప్తారు?"

సెంటిమెంటు. ఆ మాట విని నవ్వొచ్చింది. నా దగ్గర లేనిదాన్ని నేను దొంగిలించానని ఎవరో అన్నట్టుంది. జాలి సంగతి నాలుగింటికి చూద్దాం, మీరు భోంచేసి ఉండండి అని చెప్పి, ముప్పై ఒక్క కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కాపీ తీసి ఇస్తానన్నాడు. ఇదే చాలన్నాను.

12:55కి కానిస్టేబుల్ మోటర్‌సైకిల్ మీద రేవుకు చేరాను. పడవ నడిపే ముయా అక్కడే ఉన్నాడు. దొర్ల తెగవాడు. ఇల్లు రేవు పక్కనే. అతని పడవ ముక్కలు ఒడ్డున పడి ఉన్నాయి, వాటి మీద గోచీలు ఆరేసి ఉన్నాయి.

ముందు అతని వాంగ్మూలం చదివి వినిపించాను. పొద్దుటి నుంచీ నీళ్లు పెరుగుతూనే ఉన్నాయని హిందీలో ఉంది, కింద వేలిముద్ర ఉంది. ముయా నోరు తెరిచాడు. తను ఆ మాటే అనలేదన్నాడు. వాన లేదు, నీళ్లు మామూలుగానే ఉన్నాయి, జెండా ఎత్తాల్సిన పనే లేదు. నడివాగులోకి పోయాక నీళ్లు ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఎస్సైకి ఇదే చెప్పానన్నాడు. ఏ భాషలో చెప్పావంటే, తన దొర్లి భాషలో కొంత, హిందీలో కొంత అన్నాడు. ఏం రాశారో ఎవరూ చదివి చెప్పలేదు. అయినా, మనుషుల్ని ముంచిన పడవవాడి మాట ఏ కోర్టూ నమ్మదు. అతను తప్పించుకోడానికే అలా అంటున్నాడంటారు. నాకు రాయిలాంటి సాక్ష్యం కావాలి.

టైము మాత్రం గట్టిగా దొరికింది. బతికిన ముగ్గురిలో ఒకామె పడవలో కూర్చుని అవతలి ఒడ్డు రైతుకు ఫోన్ చేసింది, బయల్దేరామని. ఆమె ఫోన్‌లో అది 10:21. పడవ కదిలి నిమిషం అయిందనుకుంటే 10:20. నడివాగుకు పది నిమిషాలు. అంటే 10:30.

తర్వాత స్తంభం దగ్గరికి దిగాను. వాగు తగ్గింది, మోకాలి లోతు. ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి నడిచాను. సిమెంటు స్తంభం, నా ఎత్తుకు మూడున్నర రెట్లుంటుంది. దాని మీద పలక లేదు. పలక బిగించిన ఇనుప మేకుల మొండాలున్నాయి, తుప్పు పట్టి. పలక ఉండాల్సిన చోట తెల్ల రంగుతో చేత్తో గీసిన గీతలున్నాయి. నా సంచిలోంచి టేపు తీసి పట్టాను. గీతకూ గీతకూ మధ్య ఐదు సెంటీమీటర్లు. చేతికందినంత మేరా అంతే, పైవి కూడా కంటికి అదే దూరం. ఎక్కడా తప్పలేదు. నాలుగు మీటర్ల దగ్గర ఒక్క గీత మాత్రం ఎర్ర రంగు.

"ఇదెవరు గీసిండ్రు?"

"ముత్తయ్య మామనే," అన్నాడు ముయా. "రెండేండ్ల కింద వరదకు పలక పోయింది. ఆఫీసుకు శానసార్లు చెప్పిండు, కొత్తది పంపమని. పంపలె. వెదురుబద్ద కోసి, దాన్ని కొలతకు చెక్కి, దాంతోనే గీతలు పెట్టిండు. అంతకంటె సన్నగ గీస్తె ఎండకు కనబడయ్ అన్నడు."

"నీళ్లు రెండు గీతల నడుమ ఉంటే?"

"దగ్గరున్న గీత చెప్తడు. వాగు ఊగుతనే ఉంటది గద మేడం. నడుమ లెక్క ఎవలకు తెలుస్తది?"

ఒక్కసారైనా ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూశారా అని అడిగాను. ఈ రెండేళ్లలో ఎవరూ రాలేదన్నాడు. ఫోన్‌లో లెక్క చేరుతుంటే బురదలో కాలెవరు పెడతారు.

టేపు పట్టి స్తంభానికి పదకొండు ఫొటోలు తీశాను. నాలుగు వందల అరవై ఎనిమిది సార్లు సున్నా, ఐదు ఎందుకొచ్చాయో ఇప్పుడు పిల్లవాడికైనా అర్థమవుతుంది. ఈ స్తంభం చూసి నిజం చెప్పేవాడికి ఇంకో అంకె దొరకదు. మంచం మీద పడుకుని చెప్పేవాడైతే మధ్య మధ్య మూడో ఏడో కలిపేవాడు, నమ్మకంగా ఉంటుందని. ముత్తయ్య ఒక్కసారీ కలపలేదు. ముప్పై ఆరు రోజులు, ఎండలో వానలో, గంటగంటకూ ఇక్కడ నిలబడ్డాడు.

మరి ఆ ముప్పై ఒకటి?

పడవ చెక్క మీద కూర్చుని కాగితం విప్పాను. నోట్‌బుక్‌లో సున్నా నుంచి తొమ్మిది దాకా నిలువుగా రాసి, ఒక్కో కొలత చివరి అంకెకు ఒక్కో గీత పెట్టుకుంటూ పోయాను. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. సున్నాలు మూడు, ఐదులు మూడు. ఆ ఆరూ పోతే మిగతా ఇరవై ఐదు కొలతలు ఈ స్తంభం మీద లేనివి. ముత్తయ్య చూడలేనివి. చూడలేనివాటిని ఆయన ఫోన్‌లో చెప్పలేదు. ఎవరో తర్వాత మార్చారు. నీళ్లు నెమ్మదిగా, మూడు రోజులుగా, వానకు పెరిగినట్టు కనబడాలని మార్చారు. ఎందుకంటే నిజంగా పదింటికి మామూలుగా ఉండి, పదిన్నరకు మనిషెత్తు పెరిగిందంటే అది వాన పని కాదు, గేట్ల పని అని తేలిపోతుంది.

ఇంతవరకు నాకు ముందే లీలగా అనుమానం ఉంది. కొత్తది ఏమిటంటే మిగతా వరసలు. ఒకట్లు మూడు. రెండ్లు మూడు. నాలుగులు మూడు, ఆరులు మూడు, ఏడులు మూడు, ఎనిమిదులు, తొమ్మిదులు మూడేసి. మూడు అంకె ఒక్కటి నాలుగుసార్లు. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ అంతే.

పది గళ్లు గీసి ముప్పై వడ్లగింజలు చల్లితే గడికి మూడేసి పడవు. ఒకచోట ఆరు పడతాయి, ఒకచోట ఒకటే పడుతుంది, ఒకచోట అసలు పడకపోవచ్చు. ఇంత సమానంగా నిజం కూడా రాదు. మామూలు దొంగ రాసినా రాదు, అతనికి ఇష్టమైన అంకెలుంటాయి. చివరి అంకెల పరీక్ష ఒకటుందని తెలిసి, ఎవరైనా లెక్కపెడతారని భయపడి, పంక్తిలో విస్తళ్లకు వడ్డించినట్టు మూడేసి చొప్పున పంచినవాడే ఇలా రాయగలడు. ఒక్క దీని మీదే మనిషిని పట్టలేం. స్తంభంతో కలిపితే చాలు. రాసినవాడు రెండేళ్లుగా ఈ రేవు చూడలేదు, పరీక్ష మాత్రం బాగా తెలుసు.

2:50కి ఠాణాకు తిరిగొచ్చాను. సుమన్ ఎస్సై గదిలో టీ తాగుతున్నాడు. ఫొటోలు అతని ముందు పెట్టాను. మొదటి ఫొటో చూసి కప్పు కింద పెట్టాడు. మూడోది చూసేసరికి తేరుకున్నాడు. తెలివైనవాడు, కాదనను.

"గీతల మధ్య ఉజ్జాయింపుగా అంచనా వేసి చెప్పి ఉండొచ్చు కదండీ."

నాలుగు వందల అరవై ఎనిమిది సార్లు వెయ్యని అంచనా ఆ మూడు రోజులే ఎందుకు వేశాడని అడిగాను. భారీ వర్షం హెచ్చరిక అన్నాడు మళ్లీ. సరే, అంచనా వేసినవాడు పది అంకెల్నీ మూడేసిసార్లు సరిగ్గా ఎలా వేశాడని అడుగుతూ నా నోట్‌బుక్ చూపించాను. ఆ గీతల వరసల్ని అతను చూసిన తీరులోనే, అవి అతనికి ఎంత బాగా తెలుసో నాకు అర్థమైంది.

"ఆఫీసులో పాస్‌వర్డ్ అందరికీ తెలుసండీ. ఎవరైనా మార్చి ఉండొచ్చు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"మార్చారని నేను ఇంకా అనలేదు సుమన్‌గారూ."

ఎస్సై ఆ మాటతో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సుమన్ గొంతు పెంచాడు. నా మీద ఎస్పీకి ఫిర్యాదు చేస్తానన్నాడు, నివేదిక ఇచ్చిన అధికారినే ముద్దాయిని చేస్తున్నానన్నాడు. చెయ్యండన్నాను. ఈలోగా ముత్తయ్య కేసు కాబట్టి ముత్తయ్య ముందే మాట్లాడుకుందాం రమ్మన్నాను. అతను రానన్నాడు. అవసరం ఏముందన్నాడు. ఎస్సై లేచి, దయచేసి రండి సార్ అని తలుపు తీశాడు.

3:10. వెనక గది. సోమమ్మను కూడా లోపలికి పిలిచాను. ఆమె మొగుడికి ఎదురుగా కాకుండా పక్క గోడకు నిలబడింది. సుమన్ తలుపు దగ్గరే, నా వెనక ఆగిపోయాడు. ముత్తయ్య పొద్దున ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఆయన ముందు ముప్పై ఆరు రోజుల కాగితాలు పెట్టాను.

"అన్నా, ఇవి నీ లెక్కలు. అన్నీ సున్నా, ఐదు. నీ స్తంభం మీద నువ్వు గీసిన గీతలు. ఇవి నిజం. ఆ మూడు రోజుల లెక్కలు నువ్వు చెప్పినవి కావు. నువ్వు చెప్పినయి తీసేసి, వేరేవాళ్లు రాసిండ్రు. నువ్వు చూడకుండ చెప్పలేదు. నీళ్లు నాలుగు దాటలేదు గనకనే జెండా ఎత్తలేదు."

సోమమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ముత్తయ్య కాగితాల మీద వేలు పెట్టి ఒక వరస వెంట నెమ్మదిగా కిందికి పోయాడు. హిందీ చదవడం వచ్చో రాదో గాని, అంకెలు తెలిసినవాడి వేలు అది. 

"మూడు నలభై," అన్నాడు.

"ఎప్పుడు?"

"పదింటికి. మూడు నలభై. నీళ్లు గీతను తాకి ఉన్నయ్. ఇప్పుడు యాదికొస్తున్నది. షెడ్డుల సిగ్నల్ దొరకక గడ్డ మీదికెక్కి ఫోన్ చేసిన. పది దాటి ఐదు నిమిషాలైంది. మీనా నా పక్కన్నే ఉండె, సద్ది పట్టుకొని."

నా వెనక నుంచి సుమన్ మాట అడ్డం వేశాడు. మామూలుగా, మెత్తగానే అన్నాడు.

"బాగా ఆలోచించుకుని చెప్పు ముత్తయ్యా. ఆ రోజంతా నీకు గుర్తులేదన్నావట కదా."

ముత్తయ్య తల ఎత్తాడు. పొద్దుటి నుంచి నేనెన్ని అడిగినా ఎత్తని తల. నన్ను దాటి తలుపు వైపు చూశాడు.

"మీరేనా సారూ?" అన్నాడు. "రోజు ఫోనెత్తేది మీరేనా? గొంతు తప్ప మీ మొఖం నేనెప్పుడు చూడలె."

సుమన్ ఏదో అనబోయాడు. నేను చెయ్యెత్తి ఆపాను. ముత్తయ్య గొంతులో కోపం లేదు. ఫోన్‌లో నీటిమట్టం చెప్పినట్టే, వరసగా, చదునుగా చెప్పాడు.

"మూడు నలభై అని చెప్పిన. మీరు, 'ఇంకా పెరగలేదా?' అన్నరు. లేదు సారూ, తక్కువనే ఉన్నయ్ అన్న. సరే అని పెట్టేసిండ్రు."

 ఇంకా పెరగలేదా. పెరగాల్సి ఉందని ముందే తెలిసినవాడు అడిగే మాట అది. పదకొండు కిలోమీటర్లు వరద నీటికి గంట దారి, కాబట్టి గేట్లు పదకొండున్నరకు కాదు, తొమ్మిదిన్నర ప్రాంతంలోనే ఎత్తారు. నీళ్లు దారిలో ఉన్నాయని ఆఫీసుకు తెలుసు. దిగువ రేవులకు హెచ్చరిక చెప్పాల్సిన కుర్చీలో కూర్చున్నది సుమన్. 10:05కి ఫోన్ అతని చేతిలోనే ఉంది, అవతల జెండా తాడు పట్టుకోగల మనిషి ఉన్నాడు. పడవ కదిలింది 10:20కి. మధ్యలో పదిహేను నిమిషాలు.

వెనక్కి తిరిగి సుమన్‌ను చూశాను. అతను కాదనలేదు.  ఆరు రోజుల్లో మొదటిసారి నాకు కోపం వచ్చింది, ఒళ్లంతా మండిపోయేంత కోపం. వచ్చినందుకు ఊరటగా కూడా అనిపించింది. ఎస్సైని తలుపు ముయ్యమని చెప్పి, సుమన్ ఫోన్ అడిగి తీసుకున్నాను.

సోమమ్మ గోడ దగ్గర్నుంచి వచ్చి మొగుడి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకోలేదు. పక్కన కూర్చుంది, అంతే. ముత్తయ్య ఆమెను గమనించలేదు. ఆయన చూపు ఇంకా సుమన్ మీదే ఉంది. ముత్తయ్యకు జైలు తప్పింది, ఆరుగురి చావు ఆయన మీద లేదు. కానీ ఆ పొద్దు మొత్తం ఆయనకు తిరిగొచ్చేసింది.

"ఫోన్ పెట్టంగనే బిడ్డ అడిగింది సారూ, పోవచ్చానే నాయినా అని. నీళ్లు తక్కువున్నయ్, పో బిడ్డా అన్న. నేనే అన్న. నీళ్లొస్తున్నయని మీరు ఒక్కమాట అంటే అయిపోయేది గద. బిడ్డ నా చెయ్యందేటంత దూరంలనే ఉండె."